పలకని చెంబు

వంటింటి తూర్పు కిటికీలోంచి ఎండ పడే వేళకు నిత్య పట్టకాన్ని గట్టు మీద నిలబెట్టింది. అంచు పెచ్చు ఊడిందని కాలేజీ ల్యాబులో పక్కన పడేసిన గాజు పట్టకం అది. ఎదుటి గోడ మీద, ఉప్పు డబ్బాకూ క్యాలెండరుకూ మధ్య, జానెడు పొడుగున రంగులు పరుచుకున్నాయి.

"హర్షితా, ఇట్ల చూడు. ఇదేం రంగు? చెప్పు తల్లీ."

నాలుగున్నరేళ్ల హర్షిత గోడ వైపు చూసింది. పోయిన దసరాకు ఇదే గోడ ముందు నిలబడి ఏడు రంగులూ పైనుంచి కిందికి ఒకసారి, కిందినుంచి పైకి ఒకసారి గడగడా ఒప్పజెప్పింది. 'ఊదా' అనేటప్పుడు మూతిని సున్నాలా చుట్టి, తనే పెద్ద హాస్యం చేసినట్టు నవ్వేది. అవ్వ నేర్పిన పాశురాలు రెండు అక్షరం పోకుండా చెప్పేది. ఉగాదికి పాశురాలు పోయాయి. ఎండాకాలంలో మాటలు ఒక్కొక్కటే తగ్గాయి. ఇప్పుడు శ్రావణం.

"ఎరుపు," అంది చాలాసేపటికి. ఇంకేమీ అనలేదు. కడుపు పట్టుకుని గోడ వారగా చతికిలబడింది.

"పొద్దున్నే ఆ బిడ్డకు పరీక్షలేంది నిత్యా?" అంది శ్రీరంగమ్మ పొయ్యి దగ్గర్నుంచి. "కడుపులో ఏం పడకుంటే రంగులేం కనపడ్తాయి? నువ్వు రా బంగారూ. అవ్వ చారన్నం పెడ్తాది."

పొయ్యి మీద సత్తు చెంబులో చారు పొంగుకొస్తోంది. తగరంతో పోతపోసిన బొద్దు చెంబు. అహోబిలం వైష్ణవుల ఇళ్లలో చారును సాత్తముదు అంటారు. దాన్ని స్టీలు గిన్నెలో కాస్తే శ్రీరంగమ్మ దృష్టిలో అది చారే కాదు. తగరపు చెంబులో చింతపులుసు, మిరియాలు, ధనియాలు సన్న సెగ మీద కాగితేనే ఆ వాసన వస్తుంది. ఆమె భర్త కృష్ణస్వామి గుడిలో పాశురాల గోష్ఠి ముగించుకుని వచ్చి, ఒక గ్లాసు చారు తాగాక గాని నోరు విప్పేవాడు కాదు. రెండేళ్ల కిందట ఆయన పోయాక, కొడుకు ఉద్యోగం ఆళ్లగడ్డలోనని ఇల్లు అహోబిలం నుంచి ఇక్కడికి మారింది. చారు మారలేదు.

"నాక్కూడా చారే పొయ్యమ్మా. వారం నుంచి కడుపు ఒకటే నొప్పి," అన్నాడు పద్మనాభ్, చొక్కా గుండీలు పెట్టుకుంటూ.

"ఆఫీసు ముందర బజ్జీలు తినమాకంటే వింటావా? రెండు గ్లాసులు తాగు, సర్దుకుంటాది."

ఆ ఇంట్లో ఎవరి కడుపు నొచ్చినా మందు చారే. వేరే ఏదీ ఇమడడం లేదని హర్షితకు ఆరు నెలలుగా రెండు పూటలా చారన్నమే పెడుతున్నారు. నిత్య ఒక్కతే డబ్బాలో పెరుగన్నం కలుపుకుని నంద్యాల బస్సెక్కుతుంది.

"రిపోర్టు ఈ పొద్దే కదా?" అన్నాడు పద్మనాభ్.

"మధ్యాహ్నం ఫోనుకు పంపిస్తామన్నారు."

నంద్యాలలో ముగ్గురు డాక్టర్లకు చూపించారు. ఒకాయన నులిపురుగులన్నాడు. ఒకాయన రక్తం తక్కువన్నాడు. మూడో ఆయన కొంతమంది పిల్లలు ఇంతేనన్నాడు. పది రోజుల కిందట కర్నూలులో ఒక డాక్టరమ్మ మాత్రం హర్షిత పై పెదవి ఎత్తి చాలాసేపు చూసింది. పంటి చిగురు అంచున, పెన్సిలుతో గీసినట్టు, సన్నటి నల్లని గీత ఉంది. నేరేడు పండ్ల మరక అనుకుని శ్రీరంగమ్మ రోజూ వేలితో తోముతున్న గీత అది. డాక్టరమ్మ ఏమీ చెప్పకుండా రక్తం తీసి హైదరాబాదు పంపించింది.

ఏదో ఒకటి తేలాలి. తేలితే మందు ఉంటుంది, మందుంటే మాటలు తిరిగొస్తాయి. నిత్య పది రోజులుగా దీన్నే పట్టుకుని ఉంది.

*

ఆ రోజు రెండో సంవత్సరం బీఎస్సీకి వర్ణపటాల పాఠం. ప్రతి ఏడూ చెప్పేదే. న్యూటన్ కిటికీ తలుపుకు చిల్లు పెట్టి ఎండను పట్టకంలోకి పంపడం, గాజే రంగు పూస్తుందన్న వాళ్ల నోరు మూయించడానికి రెండో పట్టకం అడ్డంపెట్టి రంగుల్ని మళ్లీ తెల్లగా కలపడం చెప్పింది. బోర్డు మీద పొడుగాటి పట్టీ గీసి, దాన్లో అక్కడక్కడా సుద్దతో నిలువు గీతలు పెట్టింది.

"తర్వాత నూటయాభై ఏండ్లకు ఫ్రాన్‌హోఫర్ అని ఒక అద్దాల పనివాడు. మంచి గాజు చేయడమే ఆయన పని. గాజు ఎంత బాగుందో చూసుకునేందుకు ఎండను విడదీసినాడు. రంగుల మధ్య నల్లటి గీతలు కనపడినాయి. గాజును మార్చినా అక్కడే ఉన్నాయి."

"గీత అంటే ఆడ వెలుగు లేదనా మేడమ్?" అంది ముందు బెంచీలోని లూదియా.

"లోపల్నుంచి బయల్దేరినప్పుడు ఉంటుంది. దారిలో ఎవరో తినేసినారు."

"ఎవరు తిన్యారో ఎట్ల తెలుస్తాది?" అన్నాడు వెనక నుంచి శ్రీకాంత్.

"ఆయనకు తెలియలేదు. ఐదు వందల డెబ్బై పైన గీతలు లెక్కపెట్టి, పెద్దవాటికి ఏ, బీ, సీ అని పేర్లు పెట్టినాడు. అవేంటో తెలుసుకోకుండానే ముప్పై తొమ్మిదేండ్లకు పోయినాడు."

ఆ తర్వాత బున్సెన్, కిర్కాఫ్. ఒక్కో మూలకాన్నీ మంటలో పెడితే ఒక్కో రంగు వస్తుందని బున్సెన్‌కు తెలుసు. కానీ ఎక్కడ చూసినా ఉప్పే. ఉప్పులోని సోడియం పసుపు మిగతా వాటిని మింగేసేది. ఆయన రంగుటద్దాలు అడ్డంపెట్టుకుని తంటాలు పడుతుంటే, మంటను పట్టకంలోంచి చూద్దామన్నది కిర్కాఫ్. చూస్తే ఏ మూలకం గీత దాని చోట అది ఉంది. మంటలో ఏ మూలకం ఏ వెలుగిస్తుందో, చల్లటి ఆవిరిగా అడ్డం నిలబడితే అదే వెలుగును తింటుందని కూడా అప్పుడే తేలింది. సూర్యుడి నల్లగీతలు అవే. అక్కడ సోడియం ఉంది, ఇనుము ఉంది.

"సూర్యగ్రహణం చూడ్డానికి ఒక ఫ్రెంచాయన మన గుంటూరుకు వచ్చినాడు. అప్పుడు ఇంకో పసుపు గీత కనపడింది. అదీ సోడియమే అనుకున్నారు. కొంచెం పక్కకు ఉంది. అది హీలియం."

"గుంటూర్లో మిరపకాయలు తప్ప ఏమీ లేవనుకుంటిమి మేడమ్," అన్నాడు శ్రీకాంత్. తరగతి నవ్వింది. నిత్య కూడా నవ్వింది. అప్పుడే బల్ల మీద ఫోను కదిలింది.

రిపోర్టు ఒక్క పేజీయే. సీసం: డెబ్బై ఒకటి. దాని పక్కన బ్రాకెట్లో, మించకూడని హద్దు: ఐదు. కింద చిన్న అక్షరాల్లో పరీక్ష చేసిన పద్ధతి పేరు. ఆ పద్ధతి నిత్యకు తెలుసు. సీసంతో వెలిగే దీపం ఒకటి పెడతారు. రక్తపు చుక్కను ఆవిరి చేసి ఆ వెలుగుకు అడ్డం పెడతారు. రక్తంలో సీసం ఉంటే తన వెలుగును తను తింటుంది. ఎంత వెలుగు తగ్గిందో అంత సీసం.

బోర్డు మీద తను గీసిన గీతల వైపు ఒకసారి చూసి, "రికార్డులు రాసుకోండి" అని చెప్పి బయటికి వచ్చింది.

"అదే అనుకున్నాను," అంది డాక్టరమ్మ ఫోనులో. "సోమవారానికి తీసుకొచ్చి చేర్చండి. మందు ఉంది. రక్తంలోంచి తీయగలం."

"తీస్తే మాటలు వస్తాయి కదా?"

"రక్తంలో ఉన్నది తీయగలం అమ్మా. తలకు జరిగింది వెనక్కి వస్తుందని నేను చెప్పలేను. ముందు అది ఎక్కడి నుంచి పోతోందో వెతకండి. అది ఆపకపోతే ఈ మందు కూడా దండగే."

"ఇంట్లో పట్టకం ఉంది. రంగులు బాగా విడగొట్టే గాజులో సీసం కలుపుతారు. పాప అప్పుడప్పుడూ నోట్లో పెట్టుకునేది..." అంది నిత్య.

"గాజులో ఉన్నది అంత తేలిగ్గా బయటికి రాదు. రోజూ లోపలికి పోయేది చూడండి. కాటుక, పసుపు, బొమ్మల రంగులు, వంట పాత్రలు."

*

మరుసటి రోజు పొద్దున నిత్య గుడ్డసంచిలో ఒక్కొక్కటే పెట్టుకుంది. కాటుక భరిణె, పసుపు పొట్లం, కొయ్య ఏనుగు, పాలు కాచే ఇత్తడి గిన్నె. చివరికి చేయి సత్తు చెంబు మీదికి పోయింది.

"దాన్ని కూడానా?" అంది శ్రీరంగమ్మ. చెంబును పైటకొంగుతో తుడిచి చేతికిచ్చింది. ఇస్తూ ఏదో అనబోయి ఊరుకుంది.

ఆ చెంబు అత్తమ్మది కాదని ఆ ఇంట్లో తనొక్కదానికే తెలుసునని నిత్య అనుకుంటోంది.

పోయినేడు జ్యేష్ఠంలో, కృష్ణస్వామి సంవత్సరీకం పనుల మీద శ్రీరంగమ్మ నాలుగు రోజులు అహోబిలంలో ఉంది. చారు పెడదామని నిత్య చెంబును పొయ్యి మీద పెట్టింది. తగరానికి ఒకటే నియమం: లోపల నీళ్లు పోశాకే కింద మంట పెట్టాలి. ఆ సంగతి కాపురానికి వచ్చిన మొదటి వారంలోనే శ్రీరంగమ్మ చెప్పింది. చెప్పకపోయినా రెండు వందల ముప్పై రెండు డిగ్రీలకు తగరం కరుగుతుందని నిత్య క్లాసులో చెప్పే మనిషి. పొయ్యి వెలిగించాక హాల్లో పిల్లల రికార్డులు గాలికి ఎగురుతున్నాయని పోయింది. దిద్దాల్సినవి ఇరవై ఉంటే రెండు దిద్దింది. తిరిగి వచ్చేసరికి చెంబు అడుగు జారి, బర్నరు చుట్టూ పాదరసంలా మెరుస్తూ మడుగు కట్టింది.

అది శ్రీరంగమ్మకు పుట్టింటివాళ్లు కుంభకోణం నుంచి తెప్పించి పెట్టిన చెంబు. ఆమె తిట్టదు. తిట్టే మనిషయితే నిత్య ఆ రోజే చెప్పేసేది. ఆమె నాలుగు రోజులు అన్నం ముందు కూర్చుని మెతుకులు కెలికి లేస్తుంది. మామగారు పోయినప్పుడు చూసింది. అందుకే గట్టు మీది ముద్దను కత్తితో పెరికి సంచిలో వేసుకుని నంద్యాల బజారులో పాత్రల అంగడికి పోయింది. ముద్ద తీసుకుని అంగడతను అదే కొలత చెంబు ఇచ్చాడు. "కుంభకోణం సరుకే అక్కా, కండ్లు మూసుకోని తీస్కపో" అన్నాడు. నిత్య అలాగే తీసుకొచ్చింది. రెండు రోజులు చింతపండూ ఇసుకా పెట్టి రుద్ది కొత్త మెరుపు పోగొట్టింది. చేతులు పగిలాయి. అహోబిలం నుంచి వచ్చిన అత్తమ్మతో, మిగిలిన మెరుపుకు సాకుగా, పాలిష్ పెట్టించానని చెప్పింది. శ్రీరంగమ్మ చెంబును రెండు చేతుల్లో తిప్పి చూసి, "బాగుండాది" అంది. ఆ పూటే చారు పెట్టింది.

ల్యాబులో ఎవరూ లేని గంట చూసుకుని నిత్య చెంబు అంచును ఆకురాయితో గీకింది. కెమిస్ట్రీ వాళ్ల దగ్గర తెచ్చుకున్న తీగ కొసకు ఆ పొడిని అంటించి బున్సెన్ మంటలో పెట్టింది. మంట పసుపు పచ్చగా లేచింది. తీగను కడిగి మళ్లీ పెట్టింది. మళ్లీ పసుపే. ఏడాదికి పైగా రెండు పూటలా ఉప్పు వేసి చారు కాచిన చెంబు. వర్ణమాపకం ముందు పెట్టి దాని దూరదర్శినిలోంచి చూస్తే సోడియం జంట గీత తప్ప నల్లటి చీకటి. సీసం గీతలు ఈ మంటకు సరిగా లేవవు, దానికి ఇంతకంటే వేడి కావాలి. ఆ సంగతి కూడా తనే పిల్లలకు చెబుతుంది. అయినా అరగంట సేపు ఆ చీకట్లోకి చూస్తూ కూర్చుంది. ఏమీ లేదు, ఏమీ లేదు అని తనకు తను చెప్పుకోవడానికి ఆ పసుపు బాగుంది.

సాయంత్రం చౌక్ దగ్గరున్న గిరీశ్ నగల అంగడికి పోయింది. గిరీశ్ ఎనిమిదేళ్ల కిందట ఆమె విద్యార్థి. తండ్రి జనార్దనం కూర్చునే గల్లాపెట్టె పక్కనే గాజు మూత ఉన్న పెట్టె ఒకటి ఉంది. బంగారంలో ఎంత బంగారముందో చెప్పే క్యారెట్ మిషన్.

"రాండి మేడమ్! ఏంది, ఇంట్లో సామానంతా ఎత్తుకొచ్చినారే. పెనం మర్చిపోయినట్టుండారు," అన్నాడు గిరీశ్ సంచిలోకి తొంగి చూసి. "మీరు చెప్పిన ఫిజిక్సులో సోడియం రెండు గీతలు తప్ప నాకేం గుర్తులేదు. దాంతోనే పాసైతి."

"రేయ్, మేడమ్‌ను కూర్చోబెట్టు ముందు," అన్నాడు జనార్దనం.

"వీటిలో సీసం ఉందేమో చూడాల గిరీశ్."

ఆమె మొహం చూసి గిరీశ్ నవ్వు ఆపేశాడు. ఒక్కొక్కటే మిషన్ లోపల పెట్టి మూత వేశాడు. కింది నుంచి ఎక్స్-రే తగులుతుంది. తగిలిన ప్రతి లోహమూ తనదైన కిరణాన్ని తిరిగి విసురుతుంది. కంటికి కనిపించని వర్ణపటమే అదీ. తెర మీద శిఖరాలు లేస్తాయి. బున్సెన్ మంటకు ఉప్పు అడ్డం వచ్చినట్టు దీనికి ఏదీ అడ్డం రాదు. కాటుకలో లేదు. పసుపులో లేదు. ఏనుగు బొమ్మలో కొంచెం. ఇత్తడి గిన్నెలో ఒకటో రెండో పాళ్లు.

చెంబును అంచు పట్టుకుని పడుకోబెట్టాడు. ఇరవై సెకన్లు. గిరీశ్ తెర వైపు చూశాడు, చెంబును తిప్పి ఇంకో చోట చూశాడు, మూడోసారి అడుగున చూశాడు.

"సీసం నలభై ఒకటి మేడమ్."

నిత్య తెర మీది రెండో శిఖరం వైపు చూసింది. మొదటిది తగరం. దాని పక్కన దాదాపు అంతే ఎత్తున ఇది.

"ఇది పాతది కాదు," అన్నాడు జనార్దనం, చెంబును చేతిలోకి తీసుకుని. "కొత్త సరుకు. బరువు చూడు. మా అమ్మ కన్యకమ్మ దగ్గర ఒకటుండె. అసలు తగరాన్ని అంచు దగ్గర నొక్కితే కుయ్యిమంటాది. సీసం కలిస్తే పలకదు. ఇంట్లో పెద్దోళ్లు ఎవురూ నొక్కి చూళ్లేదామ్మా?"

ఆయన బొటనవేలితో అంచును నొక్కాడు. చెంబు పలకలేదు.

*

అంగడి మెట్ల మీద నిలబడి నిత్య పద్మనాభ్‌కు ఫోను చేసింది. "చెంబులో ఉందండీ. సగం దాకా సీసమే. కానీ ఆ చెంబు..."

"అమ్మ చెంబా?" అన్నాడు. ఇంకేమీ వినలేదు. ఫోను పెట్టేశాడు. రెండోసారి చేస్తే ఎత్తలేదు.

బస్సు శిరివెళ్ల దాటేంత వరకూ నిత్య చెప్పాల్సిన మాటలు కూడబెట్టుకుంది. ఇంటికి పోగానే, అందరి ముందూ, మొదట ఈ మాటే. ఆళ్లగడ్డలో దిగి, రోడ్డు వార బొమ్మలు చెక్కే వాళ్ల ఉలి చప్పుళ్ల మధ్య నడుస్తున్నప్పుడు కూడా అనుకుంది.

వీధి తలుపు తీసే ఉంది. పద్మనాభ్ గొంతు బయటికి వినిపిస్తోంది.

"స్టీలు గిన్నెలో పెట్టుకో అని ఎన్నిసార్లు చెప్పినా! వింటివా? ఎప్పుడూ నీ చెంబు, నీ సాత్తముదు! నలభై ఏండ్ల నుంచి ఇంటిల్లిపాదికీ విషం తాగించినావు కదమ్మా. నాయన కూడా దాని వల్లే పోయినాడేమో, ఎవరికి తెలుసు?"

శ్రీరంగమ్మ వంటింటి గడప మీద కూర్చుని ఉంది. పొయ్యి వెలిగించినట్టు లేదు. ఒళ్లో హర్షిత పడుకుని పైటకొంగు చప్పరిస్తోంది. శ్రీరంగమ్మ కోడలి వైపు చూసింది, సంచి వైపు చూసింది, తల వంచుకుంది.

ఇప్పుడు చెప్పాలి. నిత్య నోరు తెరిచింది. పద్మనాభ్ మొహం ఎర్రగా కందిపోయి ఉంది. పెళ్లయిన ఏడేళ్లలో ఆ మొహం ఎన్నడూ చూడలేదు. ఆ కోపమంతా ఒక్క మాటతో తన మీదికి తిరుగుతుందని ఆమెకు తెలిసింది. నోరు మూసుకుంది.

"కారు మాట్లాడొస్తా. సోమవారం దాకా ఆగేది లేదు, రేపే పోదాం," అని పద్మనాభ్ చెప్పులేసుకుని వెళ్లిపోయాడు.

గేటు చప్పుడయ్యాక నిత్య అత్తమ్మ ముందు నేల మీద కూలబడింది. "అత్తమ్మా, ఆ చెంబు మీది కాదు. మీది నేను..."

"తెల్సు."

నిత్య తలెత్తింది.

"అహోబిలం నుంచి వచ్చిన రోజే తెల్సు. నలభై రెండేండ్లు ఈ చేత్తో పట్టుకున్యా, నా చెంబు బరువు నాకు తెలీదా? అంచు నొక్కి చూస్తి. పలకలా."

"తెలిసి... ఆ రోజే ఎందుకు అడగలేదు?"

"ఏమని అడుగుదు?" శ్రీరంగమ్మ పిల్ల నుదుటి మీది చెమట తుడిచింది. "నీ చేతులు చూస్తి. రుద్ది రుద్ది పగిలిపోయినాయి. వేళ్ల సందుల్లో రక్తం. పాపం, నాకు భయపడి ఇంత కష్టపడింది, అడిగితే చిన్నబోతాది అనుకుంటి. మా అమ్మ అంటాండె, పలకని చెంబులో పులుసు కాయద్దని. ఎందుకో ఆమెకూ తెలీదు, నాకూ తెలీదు. పాతకాలం మాటలే అనుకుంటి. బిడ్డకు కడుపు నొచ్చినప్పుడల్లా ఇంగో గరిటె ఎక్కువే పోస్తి."

హర్షిత కొంగు వదిలి మళ్లీ పట్టుకుంది.

"ఆయనకు చెప్తాను," అంది నిత్య. "ఇప్పుడే, వచ్చిన వెంటనే."

"వద్దు." శ్రీరంగమ్మ గొంతు ఒక్కసారిగా గట్టిపడింది. "నాదే అనుకోనీ. తల్లిని తిట్టుకుంటే వానికి కోపం ఒక రోజుకు పోతాది. పెండ్లాన్ని తిట్టుకోవడం మొదలుపెడితే ఈ బిడ్డను ఎవురు చూస్తారు? దీన్ని మనం ఇంగా ఎన్నేండ్లు మోయాల్నో."

నిత్య కాదనలేదు. ఆ రోజు కాదనకపోవడం తనకు ఎంత తేలికగా అనిపించిందో తర్వాత చాలా రోజులు ఆమెకు గుర్తొచ్చేది.

*

కర్నూలులో పందొమ్మిది రోజులు ఉన్నారు. ఇంట్లో అందరి రక్తమూ చూశారు. శ్రీరంగమ్మకు ముప్పై నాలుగు, పద్మనాభ్‌కు ఇరవై ఆరు, నిత్యకు తొమ్మిది. హర్షితకు డెబ్బై ఒకటి నుంచి ఇరవై ఎనిమిదికి దిగింది. అందరూ సంతోషించారు. ఇంటికి వచ్చిన మూడు వారాలకు మళ్లీ చూస్తే నలభై. ఎముకల్లో దాచుకున్నది మెల్లమెల్లగా రక్తంలోకి వదులుతుందని, ఇలా దిగుతూ ఎక్కుతూ ఏళ్లు పడుతుందని డాక్టరమ్మ చెప్పింది. మాటల సంగతి నిత్య అడగలేదు. డాక్టరమ్మ కూడా ఎత్తలేదు.

చిగురు మీది నల్లగీత కొంచెం పలచబడింది. కడుపు నొప్పి తగ్గింది. హర్షిత ఇప్పుడు ఏడవడం లేదు, అల్లరి చేయడం లేదు. ఎక్కడ కూర్చోబెడితే అక్కడ కూర్చుంటుంది.

శ్రీరంగమ్మ అనుకున్నట్టు కొడుక్కు ఆ కోపం ఒక రోజులో పోలేదు. పద్మనాభ్ తల్లి చేతి అన్నం మానేశాడు. పొద్దున బస్టాండు దగ్గర ఇడ్లీ తిని ఆఫీసుకు పోతాడు. తల్లి ఏదైనా అడిగితే నిత్య వైపు చూసి జవాబు చెబుతాడు. రెండుసార్లు నిత్య చెప్పబోయింది. ఒకసారి, "అమ్మను అట్ల అనకండి, ఆమెకేం తెలుసు" అన్నంత వరకూ వచ్చింది. "నీ మంచితనం నీ దగ్గర పెట్టుకో" అన్నాడతను. ఆమె ఆగిపోయింది. నాలుక చివరిదాకా వచ్చిన మాటను మింగడం అలవాటయితే అది అంత కష్టమేమీ కాదని ఆమెకు తెలిసొచ్చింది.

ఇప్పుడు చారు స్టీలు గిన్నెలో కాగుతోంది. ఎవరూ పెద్దగా పోసుకోరు.

కార్తీకంలో ఒక పొద్దున నిత్య బస్సుకు తయారై వచ్చేసరికి పట్టకం గట్టు మీద ఉంది. తను పెట్టలేదు. శ్రీరంగమ్మ హర్షితను ఒళ్లో కూర్చోబెట్టుకుని గోడ ముందు కూర్చుంది. ఏ రంగు తర్వాత ఏ రంగో ఆమె ఎప్పుడు నేర్చుకుందో నిత్యకు తెలియదు.

"ఎరుపు," అంది శ్రీరంగమ్మ. ఆగింది. పిల్ల గోడ వైపు కాదు, అవ్వ నోటి వైపు చూస్తోంది. శ్రీరంగమ్మ పాశురం చెప్పించేటప్పుడు ఎంతసేపు ఆగేదో అంతసేపూ ఆగింది.

"నారింజ." మళ్లీ ఆగింది.

ఎండ జరిగేకొద్దీ రంగులు క్యాలెండరు మీంచి ఉప్పు డబ్బా వైపు జారుతున్నాయి. శ్రీరంగమ్మ కూడా వాటితో పాటు కొంచెం కొంచెంగా జరుగుతోంది, పిల్లను ఎత్తుకుని.

"అత్తమ్మా, ఇంక చాలు. మీకు నడుము నొప్పి."

"బస్సుకు టైమయితాంది, పో నువ్వు," అంది శ్రీరంగమ్మ గోడ మీంచి కళ్లు తిప్పకుండా. "పసుపు."

నిత్య చెప్పులేసుకుని బయటికి వచ్చింది. వెనక నుంచి "పచ్చ" అని వినిపించింది. గేటు గడియ మీద చేయి పెట్టి నిలబడింది. వీధి చివర బస్సు హారను కొట్టింది. ఆమె కదలకుండా వింటూ ఉంది.

"నీలం," అని వినిపించింది కాసేపటికి. అదీ అత్తమ్మ గొంతే.